అప్‌డేట్ తప్పనిసరి, సరే. దాంతోపాటు వచ్చేవన్నీ ఎందుకు?

విండోస్ 10 ఉన్న సిస్టం దగ్గరుంటే ఓసారి సర్వీసెస్ లిస్టు తెరిచి చూడండి. అట్టడుగున, డబ్ల్యూ అక్షరం దగ్గర, విండోస్ అప్‌డేట్ అని ఒకటి కనిపిస్తుంది. డబుల్ క్లిక్ చేసి డిసేబుల్ పెట్టొచ్చు, ఎవరూ అడ్డుకోరు. హమ్మయ్య అనుకుని మన పనిలో మనం పడతాం. కొన్నాళ్లు పోయాక చూస్తే అది ఎప్పట్లాగే నడుస్తూ ఉంటుంది. ఎవరు ఆన్ చేశారంటే, జవాబు ఆ లిస్టులోనే దాని కింద ఉంది: విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్. అప్‌డేట్ వ్యవస్థలో ఏదైనా చెడితే బాగుచేయడం దీని పని, మనం కావాలని ఆపడం కూడా దాని లెక్కలో చెడిపోవడమే. పోనీ ఈ డాక్టరుగారినే ఆపుదామని చూస్తే ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అంటుంది. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్నా సరే.

ఇది చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మెషీన్ నాది, కరెంటు బిల్లు నాది, డేటా నాది, మధ్యలో నువ్వెవరు అని అడగాలనిపిస్తుంది. అయినా ఒక మాట ముందే చెప్పేస్తాను, సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్‌లో లోపాల్ని మూసే అతుకులు, బలవంతంగా వేయడం మీద నాకు పేచీ లేదు. జనాన్ని వాళ్ల ఇష్టానికి వదిలేస్తే వేసుకోరు, వేసుకోకపోతే ఆ నష్టం వాళ్ల దగ్గరే ఆగదు. నా పేచీ అంతా, సెక్యూరిటీ పేరు చెప్పి మనింట్లోకి ఒక దారి వేసుకున్నాక అదే దారిలో ఇంకా ఏమేం తోలుతున్నారన్నది. పైగా జనం అప్‌డేట్ అంటే పారిపోయేలా చేసింది చాలావరకు ఈ కంపెనీలే. ఆ సంగతి మింగేసి, ‘మీరు వేసుకోవడం లేదు కాబట్టి మేమే వేస్తున్నాం’ అంటుంటే వినబుద్ధి కాదు.

ముందు విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ వైపు న్యాయం ఎంతుందో చూద్దాం, ఎందుకంటే నిజంగానే ఉంది. 2003 జనవరి 25న స్లామర్ అనే వర్మ్, అంటే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి తనంతట తనే పాకే హానికర ప్రోగ్రామ్, వచ్చింది. మొత్తం కోడ్ 376 బైట్లు, అంటే ఈ పేరా కన్నా చిన్నది. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుని, దొరకగల మెషీన్లలో తొంభై శాతాన్ని దాదాపు పది నిమిషాల్లో చుట్టేసింది. అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు మొరాయించాయి. ఆ లోపానికి ప్యాచ్ ఎప్పుడొచ్చిందనుకున్నారు? 2002 జులైలో. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు కదా, ఇక్కడ కుక్క ఆరు నెలల ముందే మొరిగింది, ఎవరూ లేవలేదు. 2003 ఆగస్టులోనే బ్లాస్టర్ అనే ఇంకో వర్మ్ వచ్చింది, దానికీ ప్యాచ్ జులైలోనే ఉంది. నెట్‌కి కనెక్ట్ చేయగానే ‘సిస్టం 60 సెకన్లలో షట్‌డౌన్ అవుతుంది’ అని కౌంట్‌డౌన్ మొదలయ్యే ఆ బాక్సు, విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. బ్లాస్టర్ కోడ్‌లో బిల్ గేట్స్‌కి ఒక సందేశం కూడా పెట్టారు, డబ్బు చేసుకోవడం ఆపి నీ సాఫ్ట్‌వేర్ బాగుచేసుకో అని. వర్మ్ రాసినవాడు నీతులు చెప్పడం విచిత్రమే గానీ, మాటలో తప్పులేదు.

ఆ దెబ్బలతోనే 2003 అక్టోబర్ నుంచి ప్యాచ్‌లన్నీ నెలలో రెండో మంగళవారం ఒకేసారి వదిలే పద్ధతి మొదలైంది. అమెరికా పశ్చిమ తీరంలో పొద్దున పదింటికి వదిలితే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మన ఆఫీసుల్లో బుధవారం పొద్దున కనిపించే రీస్టార్ట్ నోటీసుల వెనక కథ ఇదే. తర్వాత 2004 ఆగస్టులో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చినప్పుడు, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేసుకోమని మొదటి తెరలోనే గట్టిగా అడగడం మొదలుపెట్టారు. అప్పటికింకా అడగడమే, బలవంతం లేదు.

బలవంతానికి అన్నిటికన్నా గట్టి కారణం మాత్రం సాధారణ యూజర్‌కి ఎవరూ విడమరిచి చెప్పరు. ప్యాచ్ విడుదల చేయడమంటే లోపం ఎక్కడుందో లోకానికంతా చాటడమే. పాత ఫైలూ కొత్త ఫైలూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే, ఆ పని తెలిసినవాడికి రంధ్రం ఎక్కడుందో తెలిసిపోతుంది. అందుకే ప్యాచ్ మంగళవారం వస్తే దాడి బుధవారం వస్తుందని సెక్యూరిటీ వాళ్లలో ఒక నానుడి. అంటే ప్యాచ్ రాకముందు కన్నా, వచ్చాక వేసుకోనివాడే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. ‘ఇన్నాళ్లూ ఏం కాలేదుగా, ఇప్పుడేం అవుతుందిలే’ అనే మన లెక్క సరిగ్గా ఇక్కడే తప్పుతుంది.

2017లో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై దాడి దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. మార్చి 14న ప్యాచ్ ఇచ్చారు, మే 12న దాడి మొదలైంది. మధ్యలో దాదాపు రెండు నెలలున్నాయి. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు, బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు, అపాయింట్‌మెంట్లు వాయిదా. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. దెబ్బతిన్న వాటిలో అత్యధికం విండోస్ 7వి. అంటే అప్‌డేట్ వద్దు అనే బటన్ ఇంకా బతికి ఉన్న విండోస్. ఆటోమేటిక్‌గా ప్యాచ్ పడిపోయిన విండోస్ 10 మెషీన్లు దాదాపు క్షేమంగా బయటపడ్డాయి. దీన్ని కాదనడానికి నా దగ్గర వాదన లేదు.

మరి జనం ఎందుకు వేసుకోలేదు? బద్ధకం అంటారు, తెలియకపోవడం అంటారు. పెద్ద సంస్థల్లో అయితే పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోతుందన్న భయం. అవన్నీ ఉన్నాయి. కానీ మన ఊళ్లలో ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ రాయరు. అసెంబుల్డ్ సిస్టం ఇంటికి తెచ్చి బిగించి, డెస్క్‌టాప్ మీద మై కంప్యూటర్ ఐకాన్ పెట్టి, ఒక సినిమా పాట ప్లే చేసి స్పీకర్లు పనిచేస్తున్నాయని చూపించి, డబ్బులు లెక్కపెట్టుకుని చెప్పులేసుకుంటూ మెకానిక్ చెప్పే చివరి మాట ఒకటుండేది: ‘అప్‌డేట్స్ ఆఫ్ చేశానండీ, పొరపాటున కూడా ఆన్ చేయకండి.’ ఎందుకో అందరికీ తెలుసు. వేసింది కాపీ సీడీ. అప్‌డేట్ వేస్తే స్క్రీన్ నల్లబడుతుంది.

అప్‌డేట్‌కీ స్క్రీన్ నల్లబడటానికీ సంబంధం ఏమిటంటే, ఆ సంబంధం కలిపింది మైక్రోసాఫ్టే. 2006 ఏప్రిల్‌లో విండోస్ జెన్యూన్ అడ్వాంటేజ్ నోటిఫికేషన్స్ అనే ప్రోగ్రామ్‌ను, అంటే మీ కాపీ అసలుదా నకిలీదా అని తేల్చే దాన్ని, అత్యవసర అప్‌డేట్ల వరసలోనే పంపించారు. అది రోజూ కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతోందని జూన్‌లో బయటపడి గొడవైంది, కోర్టుకీ వెళ్లారు. 2008కి వచ్చేసరికి నకిలీ అని తేలిన ఎక్స్‌పీలో గంటకోసారి డెస్క్‌టాప్ నల్లబడేలా చేశారు. పైరసీ ఒప్పని నేననను, తన సరుకు దొంగతనం కాకుండా చూసుకునే హక్కు కంపెనీకి ఉంది. కానీ దొంగని పట్టే పనికి వేరే దారి చూసుకోవాలి గానీ టీకాలు వేసే మనిషి చేతికే లాఠీ ఇవ్వకూడదు. ఇచ్చారు కాబట్టి కోట్లమంది తలుపులేసుకున్నారు. డబ్బు పెట్టి అసలు విండోస్ కొన్నవాళ్లు కూడా, పక్కింటి వాళ్లని చూసి, మెకానిక్ మాట విని, అప్‌డేట్ ఆపేసుకున్నారు.

తొమ్మిదేళ్లు గడిచాక అదే కథ ఇంకా పెద్దగా నడిచింది. 2015లో విండోస్ 7, 8.1 సిస్టంలలో గడియారం పక్కన చిన్న విండోస్ గుర్తు ఒకటి ప్రత్యక్షమైంది, ‘విండోస్ 10 ఉచితంగా తీసుకోండి’ అని. దాన్ని తెచ్చింది కేబీ3035583 అనే అప్‌డేట్. చూడ్డానికి అదీ ఒక ప్యాచ్ లాగే ఉంటుంది, చేసే పని మాత్రం ప్రకటన. 2016 మొదట్లో విండోస్ 10నే ‘రికమెండెడ్’ అప్‌డేట్ల కోవలోకి మార్చారు. ఆ తర్వాత వచ్చిన బాక్సులో, ఫలానా రోజు ఫలానా టైముకి అప్‌గ్రేడ్ అవుతుంది అని ఉండేది. వద్దులే అని మూలనున్న ఎర్ర ఇంటూ మార్కు నొక్కితే, బాక్సు పోయేది, అప్‌గ్రేడ్ మాత్రం ఖాయమయ్యేది. ఇరవై ఏళ్లుగా మూసెయ్ అని అర్థమున్న గుర్తుని సరే అన్న దాని కింద లెక్కగట్టారు. అది హద్దు దాటడమేనని కంపెనీ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కపోసెలా ఆ ఏడాది డిసెంబర్‌లో ఒప్పుకున్నాడు.

ఈ వ్యవహారంలో కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒకావిడ కోర్టుకెళ్లింది. తను అడగకుండానే అప్‌గ్రేడ్ మొదలై, అది కాస్తా మధ్యలో చెడి, ఆఫీసు కంప్యూటర్ పనికిరాకుండా పోయిందని. 10,000 డాలర్లు ఇవ్వమని తీర్పొచ్చింది, మైక్రోసాఫ్ట్ అప్పీలు కూడా మానుకుంది. ఇంకోచోట, సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ అడవుల్లో ఏనుగుల వేటగాళ్లని పట్టుకునే చింకో బృందం వాళ్లది శాటిలైట్ నెట్. ఎంబీకి ఇంత అని కట్టుకునే ఆ లైన్ మీద విండోస్ 10 గిగాబైట్లకు గిగాబైట్లు దించడం మొదలుపెట్టింది. జియో రాకముందు మనమూ ఒక జీబీ డేటా కార్డు వేయించుకుని నెలంతా పొదుపుగా వాడుకున్నవాళ్లమే, వాళ్ల బాధ అర్థం చేసుకోగలం.

ఇళ్లలో వాడే విండోస్ 10 హోమ్‌లో ‘వద్దు’ అనే వీలే తీసేసింది ఆ రోజుల్లోనే అన్నది గమనించాలి. 2015 జులై 29న విడుదలైనప్పుడే లైసెన్సులో రాసేశారు, అప్‌డేట్లు మిమ్మల్ని మళ్లీ అడక్కుండానే దిగుతాయి, దానికి మీరు ఒప్పుకున్నట్టే అని. అంతేకాదు, అప్పటిదాకా విడివిడిగా వచ్చేవి, ఇది కావాలి అది వద్దు అని టిక్కు పెట్టుకునేవి, అన్నీ కలిపి ఒకే మూటగా మారాయి. సెక్యూరిటీ కావాలంటే మూట మొత్తం దించుకోవాల్సిందే. నాకు అసలు కోపం ఈ మూట మీదే.

మూట కట్టడానికి ఇంజినీరింగ్ కారణం లేదనలేం. వంద ప్యాచ్‌లుండి, ఒక్కొక్కరు తమకు నచ్చినవే వేసుకుంటే, లోకంలో ఏ రెండు విండోస్‌లూ ఒకేలా ఉండవు, అన్ని కలయికల్నీ పరీక్షించడం ఎవడి తరమూ కాదు. నిజమే. కానీ ఆ కారణం సెక్యూరిటీ ప్యాచ్‌లన్నీ కలిపి ఒక మూట కట్టడానికి సరిపోతుంది. అందులో స్టార్ట్ మెనూ ప్రకటనలు ఎందుకున్నాయో చెప్పదు. 2020 జూన్‌లో కొత్త ఎడ్జ్ బ్రౌజర్ అప్‌డేట్ ద్వారా దిగి, రీస్టార్ట్ కాగానే స్క్రీన్ నిండా పరుచుకుని స్వాగతం పలికి, టాస్క్‌బార్‌లో తనంతట తనే కూర్చుంది. అది ఏ వర్మ్‌కి మందు? 2024 ఏప్రిల్‌లో విండోస్ 11 స్టార్ట్ మెనూలో స్టోర్ యాప్‌ల ప్రకటనలు వచ్చాయి, అవీ అప్‌డేట్‌లోనే. 2025 మార్చి అప్‌డేట్ అయితే కొందరి సిస్టంలలో కోపైలట్ అనే ఏఐ యాప్‌ను పొరపాటున తీసేసింది. జనం అడగకుండానే ఆ కంపెనీ చేసిన మంచిపని నాకు తెలిసి అదొక్కటే, అదీ లోపమని చెప్పి సరిచేస్తామన్నారు.

ఇక ఇంటి యూజర్ల మీదే ఈ బలవంతం ఎందుకు, ఆఫీసులకి ఎందుకు లేదు? ఆఫీసులు వాడే ప్రో, ఎంటర్‌ప్రైజ్ రకాల విండోస్ వాళ్లు మొదటి నుంచీ వాయిదా వేసుకోవచ్చు. 2015లో ఈ పద్ధతి ప్రకటించినప్పుడు వ్యాపార సంస్థలకు చెప్పిన మాటే దీనికి జవాబు. మీ దాకా వచ్చేసరికి ఈ మార్పుల్ని లక్షలమంది మామూలు యూజర్లు కొన్ని నెలలపాటు వాడి చూసి ఉంటారు, భయపడకండి అని భరోసా ఇచ్చారు. అంటే మనం పరీక్ష రాసే పిల్లలం కాదు, పరీక్షా పత్రాలం. దానికి ముందు ఏడాది, సత్య నాదెళ్ల సీఈఓగా వచ్చిన కొత్తలో, కంపెనీ 18,000 ఉద్యోగాలు తీసేసింది, పోయినవాళ్లలో టెస్టర్లూ ఉన్నారు. మన హైదరాబాదీ అని గర్వపడే పోస్టుల్లో ఈ ముక్క ఎప్పుడూ కనపడదు. 2018 అక్టోబర్‌లో ఫలితం చూశాం: ఆ నెల వచ్చిన పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లని తుడిచిపెట్టింది. వారం తిరక్కుండానే ఆపేసి, నవంబర్‌లో మళ్లీ వదిలారు. ముందస్తు పరీక్షలో ఉన్న కొందరు ఈ సంగతి రిపోర్ట్ చేసే ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. దెబ్బతిన్నది నూటికి ఒకరిలో నూరోవంతు మందే అని కంపెనీ చెప్పుకుంది. పిల్లల ఫోటోలు పోయినవాడికి ఆ శాతంతో పనేముంది?

సెక్యూరిటీ ప్యాచ్ వల్ల కూడా పనులు ఆగుతాయి, అది వేరే సంగతి, దాన్ని నేను క్షమిస్తాను. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అని ప్రింటింగ్ వ్యవస్థలో పెద్ద లోపం బయటపడితే, దాన్ని మూయడానికి ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఉండాలన్నారు. ఎన్నో ఆఫీసుల్లో ప్రింటర్లు మొండికేశాయి. మా ఊళ్లో నెట్ సెంటర్ నడిపే ఒకాయన సిస్టంలన్నిటిలో వైఫైని మీటర్డ్ కనెక్షన్, అంటే డేటా లెక్కచూసి వాడే లైన్, అని పెట్టుకున్నాడు, అప్‌డేట్లు దిగకుండా. ఎందుకండీ అంటే, ‘హాల్ టికెట్లు వచ్చిన రోజు పిల్లలు లైన్లో నిలబడతారు సార్, ఆ రోజు ప్రింటర్ కదలకపోతే వాళ్లకి నేను ఏం చెప్పను?’ అన్నాడు. ఆయనకి సెక్యూరిటీ గురించి తెలియక కాదు. ఏది ఎప్పుడు ఆగుతుందో తెలియని దాన్ని నమ్ముకుని దుకాణం నడపలేడు. వచ్చేది ఫలానా లోపానికి మందు మాత్రమే, ఇంకేమీ మారదు అని ఎవరైనా ఆయనకి గ్యారంటీ ఇవ్వగలిగితే రేపే ఆన్ చేస్తాడు.

రీస్టార్ట్ సంగతి ఇంకా చిరాకు. విండోస్‌లో వాడుకలో ఉన్న ఫైలుకి తాళం పడి ఉంటుంది, దాన్ని మార్చాలంటే వాడుతున్నవాళ్లందర్నీ లేపాలి, అందుకే రీస్టార్ట్. విండోస్‌కి బదులు వాడే లైనక్స్‌లో పాత ఫైలు నడుస్తుండగానే కొత్తది పక్కన పెట్టేయొచ్చు, అందుకే అక్కడ ఈ గోల తక్కువ. అయితే ఇది తీరని సమస్యేం కాదు. 2025 ఏప్రిల్‌లో విండోస్ 11కి కూడా హాట్‌ప్యాచ్ వచ్చింది, నడుస్తున్న మెమరీలోనే ప్యాచ్ పడిపోతుంది, ఏడాదికి పన్నెండు రీస్టార్ట్‌ల బదులు నాలుగు చాలు. ఎవరికి? ఎంటర్‌ప్రైజ్ వాళ్లకి. హోమ్ వాళ్లు మాత్రం షట్‌డౌన్ మెనూలో ‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ నొక్కి పడుకోవాలి. అది కూడా చాలామంది సిస్టంలలో షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ అయి తెల్లార్లూ వెలుగుతూ ఉండేది, ఏళ్లతరబడి ఉన్న ఆ లోపాన్ని 2025 చివర్లో గానీ సరిచేయలేదు.

అన్ని మెషీన్లకీ ఒకేసారి, అడక్కుండా పంపే దారి దొంగకి చిక్కితే ఏమవుతుందన్నదీ చూశాం. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వర్మ్ ఉక్రెయిన్‌లో ఒక పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలోనే దిగింది. 2020లో సోలార్‌విండ్స్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోకి దొంగలు దూరిన సంగతీ అంతే. దొంగ అక్కర్లేదు, పొరపాటు చాలు: 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క ఫైలు 85 లక్షల విండోస్ మెషీన్లని నీలిరంగు తెర మీద నిలబెట్టింది, హైదరాబాద్ విమానాశ్రయంలో పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ఆ రోజు దేశమంతా తిరిగింది. ఆ తర్వాతే ఆ కంపెనీ, ఇలాంటి ఫైళ్లు ఎప్పుడు దిగాలో కస్టమర్లే నిర్ణయించుకునే వీలు ఇచ్చింది. కాబట్టి కంట్రోల్ ఇస్తే కొంప మునుగుతుందన్న వాదన పూర్తిగా నమ్మను.

2019 నుంచి విండోస్ హోమ్‌లోనూ 35 రోజుల వరకు ఆపుకోవచ్చు, అది మంచి మార్పే, ఒప్పుకుంటాను. కానీ మూట విప్పలేదు.

ఇంతా చేసి, మీ మంచికే బలవంతం చేస్తున్నాం అన్న కంపెనీ, 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి ఆ మంచిని ఆపేసింది. ఏడో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ నిక్షేపంగా పనిచేస్తున్నా విండోస్ 11కి పనికిరాదు, ఎనిమిదో తరం కావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇంకో ఏడాది ప్యాచ్‌లు కావాలంటే 30 డాలర్లు కట్టాలి, కాకపోతే మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు ఇవ్వాలి, అదీ కాకపోతే మీ సెట్టింగ్స్ వాళ్ల క్లౌడ్‌లో పెట్టాలి అన్నారు. నిన్నటిదాకా వద్దన్నా వేసిన టీకాకి ఇవాళ రేటు కట్టారు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుకునేసరికి అక్కడివాళ్లకి ఆ షరతు తీసేసి ఉచితంగా ఇచ్చారు. మనవైపు అంత గట్టిగా అడిగిన సంఘం లేదు.

అలాగని లైనక్స్‌కి పోతే అంతా స్వర్గం అనే మిత్రులకీ ఒక మాట. లైనక్స్ మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ ప్రతిదీ విడిగా చూపిస్తుంది, సెక్యూరిటీవి వేరే గుర్తుతో, వద్దంటే మానేస్తుంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే. అయినా 2021 ఫిబ్రవరిలో మింట్ బృందం లెక్కలు చూసుకుంటే, చాలామంది ప్యాచ్‌లు సమయానికి వేసుకోవడం లేదని, కొందరైతే మద్దతు ముగిసిపోయిన పాత వెర్షన్ల మీదే ఉండిపోయారని తేలింది. స్వేచ్ఛ ఇస్తే జనం ఏం చేస్తారో అక్కడా కనబడింది. వాళ్లు చేసిందేమిటంటే, ఆ వేసవి విడుదలలో ఒక గుర్తుచేసే నోటీసు పెట్టారు. సెక్యూరిటీ ప్యాచ్‌లు, సిస్టంకి గుండెకాయలాంటి కెర్నెల్ ప్యాచ్‌లు కొన్ని రోజులపాటు వేసుకోకుండా ఉంటేనే అది వస్తుంది, ఈమధ్యే వేసుకున్నవాళ్లని కదపదు, వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. ఆపితే మళ్లీ ఆన్ చేసే డాక్టరు ఎవరూ లేరు. దీంతో అందరూ మారిపోతారని నేననుకోను, కొంతమంది ఎప్పటికీ వేసుకోరు. అలాంటివాళ్ల కోసం సెక్యూరిటీ ఒక్కటి బలవంతంగా వేస్తామన్నా నేను సంతకం పెడతాను, మూటలోంచి మిగతావన్నీ తీసేసి వస్తే.